వక్క నమలని బాబాయిగారి అడకత్తెరలు

మొన్న కొత్తపేటలో ఒక పెళ్ళికి వెళ్తే, వచ్చేటప్పుడు తాంబూలం చేతిలో పెట్టారు. చిన్న స్టీలు డబ్బా, అందులో వాడిపోయిన తమలపాకులు రెండు, ఒక అరటిపండు, ఒక వక్కపొడి పొట్లం. ఆ పొట్లం చూడగానే నాకు నవ్వొచ్చింది, వెనకే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "ఏమైందండీ?" అంది పక్కావిడ. ఏం చెప్పను? వక్కపొడి పొట్లం కనిపెట్టినవాణ్ణి అడకత్తెరలో పెట్టి నొక్కాలని మా బాబాయిగారు నాతో వందసార్లు అన్నారని, ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదని చెబితే ఆవిడకేం అర్థమవుతుంది? "కంట్లో నలకండీ" అన్నాను.

ఆయన పేరు చెప్పను. చెబితే ఏ మూలనో అప్పులవాడు ఒకడు మిగిలుంటే, వాడు లేచి వస్తాడని నా భయం. సొంత బాబాయి కాదు. రాజోలు దగ్గర మా ఊళ్ళో ఆయనది పక్కిల్లు. నేను బట్టలు కుడతాను. మిషను ముందు కూర్చుంటే ప్రహరీ గోడ మీదుగా వాళ్ళ వరండా మొత్తం కనిపిస్తుంది, మాటలూ వినిపిస్తాయి. వినకూడదని ఎప్పుడూ అనుకోలేదు లెండి.

పొడుగాటి మనిషి, తెల్ల పంచె, పాత స్కూటరు. దగ్గరికొస్తే కొబ్బరినూనె వాసన. తలకి రాసుకున్నది కాదు, అడకత్తెరల కీళ్ళకి రాసినది. ఆయనకి అడకత్తెరల పిచ్చి. వక్కలు కత్తిరించే ఆ ఇనప సామాను ఈ రోజుల్లో ఎవరింట్లోనైనా ఉందంటే అటక మీద తుప్పు పడుతూ ఉంటుంది. అది ఏ ఊళ్ళో ఏ అటక మీద ఉందో ఆయనకి తెలిసేది. చిలక మొహంది, నెమలి మెడది, వెండి తీగ పొదిగింది, ఇత్తడి పిడిది. పోనీ ఆయన వక్క నములుతారా అంటే, "అబ్బే, పళ్ళు గారబడతాయమ్మా!" అనేవారు.

కొత్తది దొరికితే ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవారు. టక్, టక్, టక్. కళ్ళు మూసుకుని, తల కొంచెం వంచి, ఎవరో రహస్యం చెబుతున్నట్టు వినేవారు. లోపల్నుంచి పిన్నిగారి కేక.

"ఉత్త అడకత్తెర ఆడించకండి బాబూ, ఇంట్లో దెబ్బలాటలొస్తాయి!"

"రాకపోతే కదే భయపడాలి. మూడు రోజులైంది నువ్వు నన్ను తిట్టి."

టక్, టక్.

ఇక అప్పుల సంగతి. అడకత్తెరలు కొనడానికి అప్పు చేసేంత ఖరీదేముంటుందని మీకు సందేహం రావాలి. నాకూ వచ్చింది. అసలు అవి కొనడానికి ఆయనకి ఖర్చే అయ్యేది కాదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మా వైపు మనుషుల సంగతి మీకు తెలుసు. ఇంటికొచ్చిన పెద్దమనిషి ఏదైనా వస్తువు చూసి "ఎంత బాగుందండీ!" అన్నాడో, అయిపోయింది. "నచ్చిందాండీ? తీసుకెళ్ళండి" అంటారు. ఖరీదు అడిగితే, "మీ దగ్గర డబ్బులేంటండీ బాబూ, అంత మాటనేశారు!" అని మొహం చిన్నబుచ్చుకుంటారు. డబ్బిస్తే వాళ్ళకి అవమానం. ఊరికే తీసుకుంటే బాబాయిగారికి నిద్ర పట్టదు. అందుకని వారం తిరక్కుండా స్కూటరు మీద ఏదో ఒకటి పట్టుకుని మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళేవారు.

ఐ.పోలవరం అవతల రొయ్యల చెరువుల వాళ్ళింట్లో ఒక ముసలావిడ చిలక మొహం అడకత్తెర ఇచ్చింది. పాత ఇనుము లెక్కన తూస్తే వంద రూపాయలు కూడా రావు. ఈయన బదులుగా ఐదు పెట్టెల పూతరేకులు ఇచ్చొచ్చారు. ఇంత తిని ఊరుకుంటే ఏం మర్యాదని వాళ్ళు ఐసు పెట్టెలో రొయ్యలు పంపించారు. ఈయన సిగ్గుపడి రెండు బుట్టల కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్ళు పంపారు. వాళ్ళు ఒక బస్తా బియ్యం దింపారు. ఈయన ముసలావిడకి చీర పెట్టారు. వాళ్ళు పిన్నిగారికి చీర పెట్టారు, అదీ ఈయన పెట్టినదానికన్నా మంచిది. అంతే, మళ్ళీ మొదలు. చివరికి రెండిళ్ళవాళ్ళూ అలిసిపోయి, ఒకరికొకరు చెప్పుకోకుండానే ఊరుకున్నారు.

అలా ఎన్నో ఇళ్ళు. దాంతో ఆయనకి అప్పులిచ్చినవాళ్ళ జాబితా చూస్తే అడకత్తెరలవాడు ఒక్కడూ ఉండడు. పూతరేకులావిడ, చీరల కొట్టాయన, మామిడిపళ్ళ దుకాణం, రాజోల్లో వెండి కొట్టు. నాకూ బాకీయే. ప్రతి అడకత్తెరకీ ఒక గుడ్డ సంచి కుట్టించేవారు. మిగిలిపోయిన జాకెట్టు ముక్కలతో నూట ఎనభై పైనే కుట్టాను. డబ్బులడిగితే అరటిగెల తెచ్చి గోడ మీద పెట్టేవారు.

"అప్పు అనకమ్మా, చెవికి బాగోదు. చేబదులు అను."

"తిరిగిచ్చేదాన్ని కదండీ బాబాయిగారూ చేబదులు అనేది!"

"ఇస్తాను కదమ్మా. ఇవ్వనని ఎప్పుడైనా అన్నానా?"

నిజమే, ఇవ్వనని ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

వెండి కొట్టు బాకీ ఎలా వచ్చిందో చెప్పాలి. ఉప్పలగుప్తంలో ఒకరింట గుర్రం తల అడకత్తెర ఉందని ఆయనకి కబురొచ్చింది. వెళ్ళి చూస్తే అది బాలింత తలగడ కింద ఉంది. పురిటి మంచం మీద ఇనుము ఉంటే పీడకలలు రావని మన పెద్దవాళ్ళు పెడతారు కదా, అలా. బాలింత తలగడ కింద చెయ్యి పెట్టి "ఎంత బాగుందండీ" అనలేరు. మంచానికి దూరంగా నిలబడి, పసిపిల్లాణ్ణి చూస్తున్నట్టు నటిస్తూ తలగడ చూస్తున్నారు. అది ఆ ఇంటి అమ్మమ్మ కనిపెట్టింది.

"మూడో నెల వెళ్ళేదాకా తియ్యకూడదండి బాబుగారూ. ఆ తరవాత మీరే పట్టుకెళ్దురుగానండి."

బాబాయిగారు బారసాలకి వెళ్ళారు, పిలవకపోయినా. పిల్లాడికి వెండి మొలతాడు పెట్టారు. మూడో నెల ఎప్పుడు వెళ్తుందా అని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. తీరా వెళ్తే తల్లీపిల్లాణ్ణి అత్తారింటికి పంపేశారు, తలగడతో సహా, తలగడ కింద వస్తువుతో సహా.

"పిల్లాడు ఉలిక్కిపడుతున్నాడండీ, అందుకని పంపేమండి. ఏం అనుకోకండి. రెండో కాన్పుకి వస్తుంది కదండీ, అప్పుడు తప్పకుండానండి" అంది అమ్మమ్మ.

వేరేవాళ్ళైతే దణ్ణం పెట్టి వచ్చేస్తారు. ఈయన రెండున్నరేళ్ళు ఆగారు. ఊళ్ళో తెలిసిన గుడికల్లా వెళ్ళి, ఎవరో అమ్మాయికి రెండో కాన్పు త్వరగా రావాలని మొక్కుకున్న మగాడు భూమ్మీద ఈయనొక్కరే అయ్యుంటారు. వచ్చింది, ఆడపిల్ల. ఇంకో మొలతాడు, గజ్జెలు. మూడో నెల వెళ్ళిన మర్నాడు గుర్రం తల మా గోడ పక్కకి చేరింది. ఆ వేళ టక్ టక్ మధ్యాహ్నం దాకా ఆగలేదు.

ఈ బాకీలన్నీ ఎక్కడ తీరేవంటే, తోట మీద. ఇంటి వెనక ఎకరన్నర కొబ్బరి తోట తప్ప వాళ్ళకి వేరే ఆధారం లేదు, పిల్లలూ లేరు. రెండు నెలలకోసారి కాయ దింపి షావుకారుకి వేస్తారు. దాన్ని మేం దింపు అంటాం. బాబాయిగారు ముందు వచ్చే దింపు మీద అడ్వాన్సు తీసుకున్నారు. తరవాత ఆ పై దింపు మీద. ఆఖరికి ఇంకా గెల వెయ్యని చెట్ల మీద కూడా తీసుకున్నారు. పిన్నిగారు గోల పెడితే ఆయన జవాబు ఇది.

"చెట్టు మీద ఉన్నంతసేపూ కాయ దేవుడిదే. నేను దేవుడి దగ్గర అప్పు చేశాను. మధ్యలో నీకేంటి?"

"దేవుడు రాడు కదండీ వసూలుకి, షావుకారు వస్తాడు!"

నూట చిల్లర చెట్లున్న ఇంట్లో ఆవిడ పచ్చడి చేసుకోవాలంటే గిన్నె పట్టుకుని మా గోడ దగ్గరికి వచ్చేది. "అమ్మాయ్, ఓ చిప్ప ఉంటే ఇయ్యి." తోటలో రాలిన కాయ కూడా ముట్టేది కాదు. పచ్చడికి రెండు కాయలు తీసుకోమని షావుకారు బతిమాలినా, "మాది కాని కాయ మా ఇంట్లో పగలకూడదండి" అనేది. అంత రోషం మనిషి.

ఒకరోజు షావుకారు వచ్చి వరండాలో కూర్చున్నాడు. కాఫీ తాగాడు. వానల గురించి మాట్లాడాడు, బాబాయిగారి మోకాలి నొప్పి అడిగాడు, మా కుక్కని కూడా పలకరించాడు. గంట తరవాత గొంతు సవరించుకున్నాడు.

"మీరేమీ అనుకోనంటే ఒక్క మాటండి బాబుగారూ. దింపులైతే అయిపోయేయండి, ముందున్న రెండేళ్ళవీ. వచ్చే దింపులోగా లెక్క తేలకపోతే, తోట నా పేర రాసేస్తే మీకు ఈ చిరాకంతా ఉండదండి. మీ సుఖం కోసమే అంటున్నానండి."

"ఆయ్, మరేనండి" అన్నారు బాబాయిగారు, ఎవరిదో తోట గురించి వింటున్నట్టు.

షావుకారు వెళ్ళాక పిన్నిగారు తిట్టలేదు. అందుకే నాకు భయం వేసి మిషను ఆపేశాను. ఆవిడ వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"తోట పోతే మనం ఏం తిని బతకాలండీ? ఈ ఇనప ముక్కలు వండనా? తోట ఉంటుందా, ఇవి ఉంటాయా, మీరే చెప్పండి. ఇవే ఉంటాయంటే నేను మా తమ్ముడింటికి పోతాను. ఎటకారం ఆడకండి, ఈసారి నిజంగానే పోతాను."

ఆయన చేతిలో ఉన్న అడకత్తెరని సంచిలో పెట్టి ముడేశారు. "తోటే ఉండనీవే" అన్నారు ఆఖరికి.

ఫోనులో ఆయనకి అడకత్తెరల పిచ్చివాళ్ళ గ్రూపు ఒకటుంది. అందులో ఫొటోలు చూసి, హైదరాబాదులో హోటలు గోడలకి అలంకారం చేసే ఒకాయన, అన్నీ ఒకేసారి కొంటానని కారేసుకుని వచ్చాడు. అప్పులన్నీ తీరాలంటే ఒక్కొక్కటీ ఎంతకి పోవాలో పిన్నిగారు నాచేత లెక్క కట్టించి, బాబాయిగారిచేత మూడుసార్లు అప్పజెప్పించుకుంది. "తక్కువకి ఒప్పుకోకండి, మొహమాటపడకండి" అని గుమ్మం దాకా వచ్చి చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపారు.

ముందు భోజనాలు. పనసపొట్టు కూర, ముక్కల పులుసు, ఆవకాయ, గడ్డ పెరుగు. నేనే వడ్డించాను. తిన్నాక వరండాలో చాప పరిచి, నేను కుట్టిన సంచుల్లోంచి ఒక్కొక్కటీ తీస్తున్నారు బాబాయిగారు. ఆ హైదరాబాదు ఆయన మొట్టమొదట గుర్రం తల పట్టుకుని, "ఎంత బాగుందండీ!" అన్నాడు.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"నచ్చిందాండీ? తీసుకోండి" అన్నారు బాబాయిగారు.

"ఎంతనుకుంటున్నారండీ?"

"మీ దగ్గర డబ్బులేంటండీ బాబూ! మా ఇంటికొచ్చేరు, మా అన్నం తిన్నారు!"

నిజం చెబుతున్నాను, ఆయన కావాలని అనలేదు. తుమ్ము వచ్చినట్టు వచ్చేసింది ఆ మాట. ఆ వచ్చినాయన తెలివైనవాడు, చిలకని పట్టుకుని అదీ బాగుందన్నాడు. అదీ వెళ్ళింది. నెమలి వెళ్ళింది. వెండి తీగది చేతికి తీసుకునేసరికి నేను వంటింట్లోకి పరిగెత్తాను.

పిన్నిగారు పెరుగు చేతులతోనే వచ్చింది. చాప మీద చతికిలబడి మిగతా సంచులన్నీ తన ఒళ్ళోకి లాక్కుంది.

"ఆయనిచ్చిన నాలుగూ మీవేనండి, మాట మాటే. ఇక్కణ్ణించి ఇవి నావండి. నావి ఊరికే రావండి."

తరవాత చూడాలి. ఒక్కో సంచీ విప్పడం, దాని కథ చెప్పడం, ధర చెప్పడం. "ఇది మలికిపురం దగ్గర పడవలు కట్టేవాళ్ళిల్లు. వాళ్ళ తాతకి పళ్ళూడిపోయాక మనవరాలు దీంతో వక్క సన్నగా తరిగి నోట్లో పెట్టేదంట. ఇదిగో, పిడి అందుకే ఒకవైపు అరిగింది. ఇది ఇద్దరన్నదమ్ములు వాటాలు పంచుకుంటూ దెబ్బలాడుకుంటే తల్లి నూతిలో పారేసిందంట. పూడిక తీస్తే వచ్చింది." ఒక్కటి తప్పలేదు. ఏ ఊరు, ఏ ఇల్లు, ఎవరి చెయ్యి, అన్నీ. కథ పెరిగేకొద్దీ ధరా పెరిగింది. వచ్చినాయన ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టుకుంటున్నాడు. బాబాయిగారు మాత్రం అడకత్తెరల్ని వదిలేసి పెళ్ళాం మొహమే చూస్తున్నారు.

"ఇవన్నీ నువ్వు వినేదానివా?"

"అన్నం తింటూ రోజూ అదే గోల కదండీ. చెవులు మూసుకుని తింటారా ఎవరైనా?"

అమ్మిన డబ్బుతో షావుకారు లెక్క తేలింది. పూతరేకులావిడ బాకీ, చీరల బాకీ, నా సంచుల బాకీతో సహా అన్నీ తీరాయి. తోట నిలబడింది. కారెక్కించేటప్పుడు ఒక్కో సంచీకీ ముడి సరిచూసి, నెలకోసారి కీలుకి కొబ్బరినూనె రాయమని ఆ హైదరాబాదు ఆయనకి చెప్పారు బాబాయిగారు. నాకైతే ఏడుపొచ్చింది. కారు వెళ్ళాక పిన్నిగారి నెత్తి మీద చెయ్యి పెట్టి, "నీ మీదొట్టు, ఇంక ఈ గడప లోపలికి అడకత్తెర రాదు" అన్నారు.

రాలేదు. మూడేళ్ళు ఒక్కటీ రాలేదు. ఆ మూడేళ్ళూ పిన్నిగారు సొంత కాయ కొట్టి పచ్చడి చేసి, గోడ మీదుగా నాకే పంపేది. ఆయన మాత్రం స్కూటరు వేసుకుని సాయంత్రాలు రాజోలు వెళ్ళొచ్చేవారు. మోకాలికి తైలం అనేవారు. ఒకరోజు పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఒరిగిపోయారు. తిట్టడానికి మనిషి లేకపోయేసరికి పిన్నిగారికి నోరు పడిపోయినట్టయింది. కర్మకి వచ్చినవాళ్ళెవరి ఎదుటా ఆవిడ ఏడవలేదు. తోట ఉంది, నాకేం పరవాలేదు అని అందరికీ అదే చెప్పింది.

పెద్దకర్మ అయిన వారానికి పాత సామాన్లు కొనే ముసలాయన రాజోలు నుంచి రిక్షాబండి తొక్కుకుంటూ వచ్చాడు. భుజం మీది గోనెసంచి వరండా మెట్టు మీద దింపాడు. ఎంత రమ్మన్నా పైకి రాలేదు.

"గడప దాటించకూడదన్నారండి ఆయన. ఒట్టేసేరంటండి. అందుకని నా కొట్లోనే దాచేరండి. సాయంత్రం వచ్చి కూర్చుని, ఆడించుకుని వెళ్ళిపోయేవారండి. ఇవి పదకొండండి. ఎనిమిది వేలు బాకీయండి. మీరు ఇవ్వకపోయినా పరవాలేదండి, వస్తువు మాత్రం మీది కదాని తెచ్చేను."

నాకు నవ్వాగలేదు. మోకాలి తైలమట! పిన్నిగారు కూడా నవ్వుతుందనుకున్నాను, లేకపోతే చీపురు తీస్తుందనుకున్నాను. ఆవిడ మెట్టు మీద కూర్చుని సంచిలో చెయ్యి పెట్టి ఒకటి తీసింది. అటూ ఇటూ తిప్పింది. పిడి చూసింది.

"ఇది ఎవరింటిదయ్యా?"

"నాకేం తెలుసండి అమ్మగారూ. కాటా వేసి కొంటాను కదండీ."

"ఇదో?"

"తెలీదండి. ఆయనకి తెలుసండి. మూట విప్పగానే ఏ ఊరు నుంచి వచ్చిందని అడిగి, ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళొచ్చేవారండి. నాకు చెప్పమంటే, నీకు కాదురా, చెప్పేచోట చెబుతాను, టైము రావాలి అనేవారండి."

పదకొండూ వరసగా మెట్టు మీద పెట్టింది ఆవిడ. ఒక్కటీ ఏదో తెలియదు. "చెప్పకుండా పోయేరు కదే అమ్మాయ్" అని, నా చెయ్యి పట్టుకుని, కర్మ రోజుల్లో రాని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ముసలాయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

కాసేపటికి నేనే తేరుకుని, "ఇవి ఇనుము కిందే వెనక్కి ఇచ్చేద్దాం పిన్నిగారూ, బాకీ తగ్గుతుంది. మీ దగ్గర చేతిలో డబ్బులెక్కడివి?" అన్నాను.

ఆవిడ నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. పదకొండూ కొంగులోకి తీసుకుని, గడప దాటి లోపల మంచం మీద పెట్టి వచ్చింది.

"షావుకారుకి ఫోన్ చెయ్యి. వచ్చే దింపు మీద ఎనిమిది వేలు కావాలని చెప్పు."

"పిన్నిగారూ, మళ్ళీ దింపు మీదా? ఎవరికని అడుగుతాడు షావుకారు."

"ఎవరికేంటే? ఆయనకేనని చెప్పు."